అప్‌డేట్: అమ్మ మోకాళ్లకు స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు వద్దనుకున్నాం
నల్గొండ జిల్లా మర్రిగూడలో ఉంటున్న మా అమ్మ మోకాళ్ల అరుగుదలకు హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు క్లినిక్ మూడు లక్షల రూపాయలు అడుగుతోందని, ఎకరం తాకట్టు పెట్టి ఆ స్టెమ్ సెల్ (ఇతర కణాలుగా మారగల మూలకణాల) ఇంజెక్షన్లు వేయించవచ్చా అని గత నెల నేను ఇక్కడ అడిగాను. ఎక్స్‌రేతో మరో ఎముకల డాక్టరును కలవమన్న వారికి నేను రుణపడి ఉంటాను.

నల్గొండలో చూసిన డాక్టరు గారు, అరుగుదల నాలుగో దశకు, అంటే చివరి దశకు చేరిందని, మృదులాస్థి (కీలులో ఎముకల చివర్లను కప్పి ఉంచే మెత్తని పొర) దాదాపు మిగల్లేదని చెప్పారు. మన దేశంలో 2022లో అనుమతి పొందిన స్టెమ్ సెల్ మందును పరీక్షించింది రెండు, మూడు దశల రోగులపైనే. పైగా క్లినిక్ వారు ఇస్తామన్నది ఆ మందు కాదు, అమ్మ పొట్ట కొవ్వు నుంచి తీసే కణాలు. దానికున్న అనుమతి రాసివ్వమంటే ఇవ్వలేదు. పీఆర్పీ (రోగి రక్తం నుంచే వేరుచేసిన ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్) చవకే అయినా, ఈ దశలో దానివల్ల ప్రయోజనం తక్కువని డాక్టరు గారు అన్నారు.

మరో మాట ఆయనే అడిగారు: అమ్మ ఎన్నేళ్లు బోరు నీళ్లు తాగింది? ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, కీళ్ల చుట్టూ ఉండే కణజాలం గట్టిపడితే వచ్చే బిగుతును ఏ ఇంజెక్షనూ తగ్గించదట. మా ప్రాంతం వారు ఎవరైనా ముందుగా ఫ్లోరైడ్ ప్రభావం ఉందేమో పరీక్ష చేయించుకోవాలని నా మనవి.

2017 నుంచి కృత్రిమ మోకాలి ధరలకు ప్రభుత్వం పరిమితి పెట్టింది కనుక, మోకాలి మార్పిడి ఆపరేషన్ ఖర్చు లెక్కకు అందుతోంది. దసరా తర్వాత ముందుగా కుడి మోకాలికి చేయిస్తున్నాం. భయపడుతూనే అమ్మ ఒప్పుకుంది.