అమ్మ చేత ఎక్సర్‌సైజ్ బైక్ తొక్కించడం ఎలా? సలహా కావాలి
అమ్మకి 58 ఏళ్లు. బీపీకి మాత్ర వేసుకుంటుంది. ఎక్సర్‌సైజ్ బైక్ తొక్కడానికి డాక్టర్ సరేనన్నారు. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేలా సీటు పెట్టాను. అయినా 10 నిమిషాలు దాటితే మోకాలి చిప్ప దగ్గర నొప్పిగా ఉందంటోంది. సీటు ఇంకాస్త ఎత్తాలా, రెసిస్టెన్స్ (పెడల్ బిగువు) తగ్గించాలా? నా అసలు టెన్షన్ ఇదే.

వారానికి కనీసం 150 నిమిషాలు మోస్తరు వ్యాయామం ఉండాలంటారు కదా, అక్కడిదాకా మెల్లగా ఎలా పెంచుకుంటూ వెళ్లాలి? కొన్ని బీపీ మాత్రలు గుండె వేగాన్ని తగ్గిస్తాయి, అందుకే పల్స్ అంకె కన్నా తొక్కుతూ ఆయాసం లేకుండా మాట్లాడగలుగుతోందా అన్నదే చూస్తున్నాను. అది సరిపోతుందా? ఇంటర్వెల్స్ (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా మార్చి మార్చి తొక్కడం) జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లదలచుకోలేదు. ఫిజియోథెరపిస్టులు, ఇంట్లో పెద్దవాళ్ల చేత తొక్కిస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.