మైలుతుత్తం ద్రావణంలో ఉప్పు వేసేదాకా అల్యూమినియం ఎందుకు చర్య జరపలేదు?

పదవ తరగతి చదువుతున్న మా అమ్మాయికి లోహాల చర్యాశీలత శ్రేణిని (ఎక్కువ చురుగ్గా చర్య జరిపే లోహం పైన ఉండే వరుసను) చూపించాలని, ఇక్కడ హైదరాబాదులో బేగంబజారులో కొన్న మైలుతుత్తాన్ని (కాపర్ సల్ఫేట్) నీళ్లలో కరిగించి, మూడు గాజు గ్లాసుల్లో పోసి, ఒకదానిలో ఇనుప మేకు, మరొకదానిలో జింకు ముక్క, మూడవదానిలో అల్యూమినియం తీగ వేశాను. జింకు నిమిషాల్లోనే నల్లబడింది. మేకుకు ఎర్రటి రాగి పొర పట్టింది. శ్రేణిలో ఆ రెండింటికీ పైన ఉన్న అల్యూమినియం మాత్రం రెండు గంటలైనా అలాగే మెరుస్తూ ఉంది. "పుస్తకం తప్పా, నాన్నా?" అని అడిగింది.

తీగపై ఉండే పలుచని ఆక్సైడ్ పొరే అడ్డుపడుతుందని చదివి, చిటికెడు వంట ఉప్పు వేశాను. కాసేపటికే తీగ గరుకెక్కింది, బుడగలు లేచాయి, ఎర్రటి పొట్టు అడుగున పేరుకుంది, గ్లాసు కూడా కొంచెం వేడెక్కింది. క్లోరైడ్ అయాన్లు ఆ పొరను ఛేదిస్తాయన్నంతవరకు నాకు అర్థమైంది. అయితే స్థానభ్రంశ చర్యలో (చురుకైన లోహం మరో లోహాన్ని దాని లవణ ద్రావణం నుంచి తోసేసే చర్యలో) బయటికి రావలసింది రాగి మాత్రమే కదా, మరి ఆ బుడగలు ఎక్కడివి? ద్రావణానికి స్వల్పంగా ఆమ్ల స్వభావం ఉన్నందున వెలువడే హైడ్రోజనేనా? ఉప్పుకు బదులు సోడియం సల్ఫేట్ వేస్తే ఇలా జరగదా? మిగిలిన నీలి ద్రావణాన్ని పారబోసే ముందు అందులో ఇనుప పీచు వేసి రాగిని దింపేస్తే సరిపోతుందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.