బీకాం చదువుతూనే ఆఫీసు పని నేర్చుకోవడం ఎలా? గోదావరి జిల్లాలవాళ్లు చెప్పండి

డెల్టా_డిగ్రీ: భీమవరం దగ్గర బీకాం రెండో ఏడాది అండీ. అకౌంట్స్ లెక్క పుస్తకంలో చూస్తే అర్థమవుతుంది, పరీక్షలో చెయ్యి ఆగిపోతుంది. ట్యాలీ (అకౌంట్స్ రాసే సాఫ్ట్‌వేర్) సర్టిఫికెట్ ఉంది. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు? ఇప్పటినుంచే ఏం చేయాలి?

నామా_పద్దు: చేసిపెట్టిన లెక్క చదివితే చేతికి అలవాటు పడదండీ. ప్రశ్న ఒక్కటే తెల్లకాగితం మీద ఎక్కించి, పుస్తకం మూసి, గడియారం పెట్టుకుని చేయండి. ఫైనల్ అకౌంట్స్‌లో ఎక్కువమంది పడిపోయేది అడ్జస్ట్‌మెంట్ల (పద్దుల్లో ఇంకా ఎక్కని సర్దుబాట్ల) దగ్గరే. ట్రయల్ బ్యాలెన్స్ (ఖాతాల నిల్వల పట్టిక) కింద ఇచ్చిన ప్రతి అడ్జస్ట్‌మెంట్ రెండు చోట్ల కనిపించాలి. చెల్లించాల్సిన జీతాలు ఉంటే లాభనష్టాల ఖాతాలో జీతాలకు కలపాలి, ఆస్తిఅప్పుల పట్టీలో అప్పుల వైపు చూపాలి. ఒక చోట రాయగానే ఒక టిక్కు, రెండో చోట రాశాక ఇంకో టిక్కు పెట్టండి. పట్టీ కలవకపోతే ఒకే టిక్కు ఉన్నదాన్ని ముందు వెతకండి.

తప్పుల నోటు వేరే పెట్టి, ప్రతి తప్పు పక్కన కారణం రాయండి: సూత్రం తెలియకా, ప్రశ్న సరిగా చదవకా, కూడికలోనా. కూడిక తప్పులే ఎక్కువైతే థియరీ మళ్లీ చదివి లాభం లేదు. తప్పిన లెక్కను రెండు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి మళ్లీ మొదటినుంచి చేయండి.

మిల్లు_గుమస్తా: కాస్ట్ అకౌంటింగ్‌కి మన రైస్ మిల్లే పాఠం. పచ్చి బియ్యానికి ప్రభుత్వ లెక్క క్వింటాల్ ధాన్యానికి 67 కిలోలు. ధాన్యం, మిల్లింగ్ కలిపి రూ.2,500 అయిందనుకోండి. తవుడు, ఊక అమ్మితే రూ.200 వచ్చింది. ఉపఉత్పత్తుల రాబడి తీసేస్తే రూ.2,300. దాన్ని 67తో భాగిస్తే కిలో బియ్యం సుమారు రూ.34.33. ధరలు ఊహించినవే, పద్ధతి మాత్రం పరీక్షలో రాసేదే. బై-ప్రొడక్ట్ అంటే ఏమిటని అడిగితే నిర్వచనం ఒక్కటే అప్పజెప్పి ఊరుకోకుండా ఈ లెక్క కూడా చెప్పండి.

చెరువు_లెక్క: మెటీరియల్ యూసేజ్ వేరియన్స్‌కి, అంటే సరుకు ఎంత వాడాలి, ఎంత వాడాం అనే తేడాకి, రొయ్యల మేత చూడండి. కిలో రొయ్యకు 1.5 కిలోల మేత ప్రమాణం అనుకుందాం, వాడింది 1.7. పట్టుబడి 4,000 కిలోలు, మేత కిలో రూ.90. ప్రమాణం 6,000 కిలోలు, వాడింది 6,800. తేడా 800 × 90 = రూ.72,000 ప్రతికూలం. కారణం కూడా చెప్పగలగాలి: రొయ్య పిల్లలు చచ్చిపోయినా లెక్క తగ్గించకుండా మేత వేయడం, మేత తిన్నాయో లేదో తెలిపే చెక్‌ట్రే చూడకపోవడం. లెక్క పక్కన కారణం చెప్పే అభ్యర్థి మాటకు విలువ వేరే.

పన్ను_పద్దు: ట్యాక్స్ ఆఫీసుల్లో సర్టిఫికెట్ చూసి ఊరుకోరు, బిల్లుల కట్ట ఇచ్చి ఎక్కించమంటారు. మన రాష్ట్రం జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది, తెలంగాణది 36తో. హైదరాబాద్ వ్యాపారి ఇక్కడికి సరుకు పంపితే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు పడే పన్ను). ట్యాలీలో పార్టీ లెడ్జర్‌లో (ఆ వ్యాపారి ఖాతాలో) రాష్ట్రం తప్పు పెడితే అదే బిల్లు రాష్ట్రం లోపలి అమ్మకంలా సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా)గా చీలిపోతుంది.

నెలవారీ రిటర్న్ వేసేవాళ్లకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు తర్వాతి నెల 11, పన్ను లెక్కతేల్చి కట్టే 3బీ గడువు 20. మధ్యలో 14న 2బీ (అమ్మినవాళ్లు చూపిన మన కొనుగోలు బిల్లుల పట్టిక) వస్తుంది. అందులో లేని బిల్లుకు క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను మినహాయింపు) తీసుకోకూడదు. అందుకే కొనుగోళ్ల రిజిస్టర్‌ని 2బీతో ఎక్సెల్‌లో సరిపోల్చడం వచ్చిన మనిషి ప్రతి ఆఫీసుకీ కావాలి. జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు కలిపి ఒక కాలమ్ చేసి వీలుకప్ (VLOOKUP) ఫార్ములాతో వెతకండి. బిల్లు నంబరు 007 అయితే ఎక్సెల్ 7 చేసేస్తుంది. ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చి, ఖాళీ స్పేస్‌లు ట్రిమ్ (TRIM) ఫార్ములాతో తీసేయండి. రూపాయి లోపు తేడా రౌండింగ్ వల్ల వచ్చేది, దాని వెంట పడొద్దు.

డెల్టా_డిగ్రీ: అసలు డేటా ఎవరూ ఇవ్వరు కదండీ?

నామా_పద్దు: ఇవ్వరు, అడగనూ కూడదు. ఊహా మిల్లు ఒకటి పెట్టుకోండి: పది పార్టీలు, ఒక బ్యాంకు, యాభై బిల్లులు. ట్యాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లో (లైసెన్సు లేకుండా నేర్చుకునే పద్ధతిలో) 1, 2, 31 తేదీలే పడతాయి, సాధనకి చాలు. కావాలనే రెండు బిల్లులు తప్పుగా ఎక్కించి, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసి పట్టుకోండి.

పన్ను_పద్దు: రెజ్యూమేలో ‘ఎంఎస్ ఆఫీస్ వచ్చు’ అని రాయకండి. ‘50 బిల్లుల కొనుగోళ్ల రిజిస్టర్‌ను 2బీ నమూనాతో సరిపోల్చాను’ అని రాసి, ఆ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. ఊహా డేటా అని మొదటి షీట్‌లోనే రాసిపెట్టండి. చూసి తీరతారు, ఫార్ములా మీద క్లిక్ చేసి ఎందుకు పెట్టావని కూడా అడుగుతారు.