సుంకి ఘాటీ కోసం చక్రాలకు 45 వేలు పెట్టాలా? తొక్కేవాళ్లు చెప్పండి

రాయగడ_రైడర్:
అందరికీ నమస్కారం. మాది రాయగడ. రెండేళ్ల కింద కొన్న అల్యూమినియం రోడ్ బైక్ నాది. దానితో వచ్చిన చక్రాలే ఇప్పటికీ ఉన్నాయి. టైర్లు, ట్యూబులు, క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) ఊడదీసి కిరాణా కొట్టు కాటా మీద పెడితే జత 2 కిలోలు తూగింది. విశాఖలో ఒకాయన తన కార్బన్ వీల్‌సెట్ 45 వేలకు ఇస్తానంటున్నాడు. ఒకటిన్నర కిలోలట, పెద్దగా వాడలేదట. బోనస్ డబ్బులు చేతిలో ఉన్నాయి.

ఆదివారాలు థేరుబాలి వైపు తొక్కుతాను. నెలకోసారి సాలూరు వెళ్లి, అక్కణ్నుంచి సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి దాకా. నేను 70 కిలోలు, బైకు 10. ఘాటీ మొదలైన పది నిమిషాలకే మా ఫ్రెండ్ నన్ను వదిలేసి పోతాడు, మళ్లీ టీ కొట్టు దగ్గరే కనిపిస్తాడు. అరకిలో తగ్గితే తేడా తెలుస్తుందా? ఇంట్లో అడిగితే "ఆ డబ్బుకి ఫ్రిజ్ వస్తుంది" అన్నారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

కోరాపుట్_మాస్టారు:
లెక్క చిన్నదే, చేసి చూద్దాం. 600 మీటర్ల ఎత్తు ఎక్కారనుకోండి. అరకిలోను అంత ఎత్తుకు మోయడానికి పట్టే శక్తి 0.5 × 9.8 × 600, అంటే 2,940 జౌళ్లు. మీ కాళ్లు 150 వాట్లు ఇస్తున్నాయనుకుంటే 20 సెకన్ల పని. ఆ ఎక్కుడు మొత్తానికి మీకు దాదాపు గంట పడుతుంది. గంటలో 20 సెకన్లు. దానికి 45 వేలు.

పెద్ద బాటిల్‌లో నీళ్లు 750 గ్రాములు. సాలూరులో నిండుగా నింపుకొని బయల్దేరే బదులు సగం నింపుకొని, మధ్యలో నింపుకోండి. ఖర్చు సున్నా.

ఇంకో మాట. మీ ఫ్రెండ్ బరువెంత?

రాయగడ_రైడర్:
62.

కోరాపుట్_మాస్టారు:
మరింకేం! 8 కిలోల తేడా. అదే 600 మీటర్లకు, అదే 150 వాట్లకు 5 నిమిషాలు దాటుతుంది. ఆయన టీ తాగడం మొదలెట్టేది అందుకే.

పర్లాకిమిడి_పెడల్:
మాస్టారూ, మీ లెక్క తప్పని అనను. కానీ ఘాటీ ఒక్కటే సైకిల్ తొక్కడం కాదు కదండీ. పోయిన ఏడాది నేను 2 కిలోల చక్రాలు తీసేసి 1,550 గ్రాముల అల్యూమినియం వీల్స్ వేసుకున్నాను. మొదటి రోజే తెలిసింది. మా ఊరి నుంచి గుణుపురం వైపు వెళ్తే స్పీడ్ బ్రేకర్, ఆవు, మలుపు, సంత, మళ్లీ స్పీడ్ బ్రేకర్. ప్రతిసారీ నెమ్మదించాలి, మళ్లీ వేగం అందుకోవాలి. పాత చక్రాలతో అలా అందుకోవడమంటే తడి దుప్పటి పిండినట్టుండేది. తిరిగే బరువు రెట్టింపు లెక్క అని అందరూ అనేది ఊరికే కాదు.

కోరాపుట్_మాస్టారు:
ఆ రెట్టింపు మాటలో సగమే నిజం. చక్రం అంచున ఉన్న బరువుకు ముందుకు పోయే శక్తి ఒకటి, గుండ్రంగా తిరిగే శక్తి ఒకటి, రెండూ ఇవ్వాలి. కాబట్టి వేగం పెంచేటప్పుడు రెట్టింపే. ఒకే వేగంతో ఘాటీ ఎక్కేటప్పుడు మాత్రం అరకిలో అరకిలోయే, బరువు చక్రంలో ఉన్నా జేబులో ఉన్నా ఒకటే.

ఇక వేగం పెంచే సంగతి. రిమ్‌లో, అంటే చక్రం బయటి వలయంలో, 400 గ్రాములు తగ్గిందనుకుందాం. గంటకు 36 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి, రెట్టింపు వేసుకున్నా, మిగిలేది 40 జౌళ్లు. మనిషి, సైకిల్ కలిసి 80 కిలోలకు కావలసింది 4,000. నూటికి ఒక వంతు. గుణుపురం దాకా వంద ఆవులు అడ్డొచ్చినా, ఆగినప్పుడల్లా బ్రేకు వేసి ఆ శక్తంతా పోగొట్టుకున్నా, మొత్తం అరనిమిషం కూడా కాదు.

పర్లాకిమిడి_పెడల్:
వంద ఆవుల లెక్క నేనెప్పుడూ వేయలేదు :) సరే, సెకన్లు ఒప్పుకుంటాను. కానీ కాలు వేయగానే సైకిల్ ముందుకు దూకినట్టుంటుంది, ఆ సంతోషానికి వాట్ల లెక్క ఎక్కడుంది? ఆ సంతోషంతోనే వారానికి రెండు రోజులు ఎక్కువ తొక్కుతున్నాను. అది మీ కాగితం మీద కనిపించదు.

కోరాపుట్_మాస్టారు:
అది కనిపించదు, ఒప్పుకుంటాను. ఆయన అడిగింది మాత్రం టీ కొట్టు దగ్గరికి ముందు చేరడం గురించి.

ప్రాణహిత_గాలి:
సిరొంచ నుంచి. మా వైపు ఘాటీలు లేవు, అంతా చదునే. చదును మీద బరువు పట్టదు, గాలి పడుతుంది. లోతు రిమ్‌లు (చువ్వల వైపు ఎత్తుగా ఉండేవి) గాలిని బాగా కోస్తాయి నిజమే. ఒకరి దగ్గర 50 మిల్లీమీటర్ల లోతు చక్రాలు అడిగి తీసుకుని గోదావరి వంతెన ఎక్కాను. పక్కగాలి కొట్టిందంటే హ్యాండిల్ ఎవరో పట్టుకుని లాగినట్టయింది, పక్కనే ఇసుక లారీ. దిగి నడిపించుకుంటూ వచ్చాను. ఆ కార్బన్ చక్రాల లోతు ఎంతో అడగండి.

జయపురం_చువ్వ:
నేను మెకానిక్‌ని కాను గానీ ఇంటి వసారాలో నలుగురైదుగురి సైకిళ్లకు బెండు తీస్తుంటాను. బరువు సంగతి మాస్టారికి వదిలేసి, నాకు జరిగింది చెప్తాను.

మూడేళ్ల కింద నేనూ కార్బన్ కొన్నాను. బాగున్నాయి, అబద్ధం చెప్పను. ఒక ఆగస్టులో కోరాపుట్ నుంచి జయపురం దిగుతుంటే గోతిలో పడి వెనక చక్రంలో చువ్వ ఒకటి తెగింది. అవి 20, 24 చువ్వల చక్రాలు. ఒకటి పోతే మిగతావాటి మీద లాగుడు మారిపోయి చక్రం పాములా ఊగుతుంది. ఫ్రేముకు రాసుకుంటూ ఇల్లు చేరాను. ఆ చువ్వ చదునుగా కత్తిలా ఉంటుంది, పొడవు కూడా వేరే. జయపురంలో లేదు, విజయనగరంలో లేదు. అమ్మిన షాపువాళ్లు చక్రం పంపితే చూస్తామన్నారు. పార్సిల్ చేశాక మూడు వారాలు ఫోన్ల మీద ఫోన్లు. ఆ మూడు వారాలూ నేను తొక్కింది ఏ చక్రాల మీదో తెలుసా? అటక మీద పారేసిన పాత 2 కిలోల జత మీద.

ఆ పాత చక్రాల చువ్వ మామూలు గుండ్రటిది. తెగితే ఏ సైకిల్ షాపులోనైనా కొలిచి ఇస్తారు.

సిల్క్‌సిటీ_స్ప్రింట్:
నాది బరంపురం, ఇంకా చదువుకుంటున్నాను. 45 వేలు ఎలాగూ నా దగ్గర లేవు కాబట్టి ఉచిత సలహా. ముందు టైర్లు మార్చండన్నా. బైకుతో వచ్చే, అంచులో ఇనప తీగ ఉండే టైర్లు ఒక్కోటి 350 గ్రాముల దాకా ఉంటాయి. కాంటినెంటల్ జీపీ 5000 లాంటి టైరు 25 సైజులో (25 మిల్లీమీటర్ల వెడల్పు) సుమారు 220. రెండింటికీ పావుకిలో తగ్గింది, అదీ చక్రం చిట్టచివరి అంచు నుంచి. పైగా మెత్తటి రబ్బరు, తక్కువ రాపిడి. మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబుల బదులు టీపీయూ (పలచటి ప్లాస్టిక్) ట్యూబులు వేస్తే ఇంకో 120 గ్రాములు.

కోరాపుట్_మాస్టారు:
ఈ పిల్లాడు సరైన చోటికి వచ్చాడు. బరువు కాదు, రాపిడి చూడండి. దొర్లే నిరోధం 0.006 ఉన్న టైరు నుంచి 0.004 ఉన్నదానికి మారితే, 80 కిలోలకు, 30 కిలోమీటర్ల వేగం దగ్గర 13 వాట్లు మిగులుతాయి. 150 వాట్లు తొక్కే మనిషికి 13 వాట్లంటే చిన్న విషయం కాదు. అరకిలో తేలికైన చక్రాలు ఏ చదును మీదా అంత ఇవ్వవు.

పర్లాకిమిడి_పెడల్:
ఆ పలచటి టైర్లు మన హైవే మీద ఎన్నాళ్లుంటాయి? లారీ టైరు పేలినచోట సన్నటి ఇనప తీగలు పడుంటాయి, కంటికి కనపడవు. నాకు ఒకే రోజు మూడు పంక్చర్లు. 28 సైజు వేసుకుని గాలి కాస్త తక్కువ పెట్టుకోండి. గతుకు రోడ్డు మీద రాయిలా బిగించిన టైరు ఎగిరెగిరి పడుతుంది, అదే నష్టం.

జయపురం_చువ్వ:
రైడర్ బాబూ, ముందే అడగాల్సింది. మీది డిస్క్ బ్రేకా, రిమ్ బ్రేకా?

రాయగడ_రైడర్:
రిమ్ బ్రేకే అన్నా. ఆ కార్బన్ చక్రాలు కూడా రిమ్ బ్రేకువే, అందుకే తక్కువకి ఇస్తున్నాడనుకుంటా.

జయపురం_చువ్వ:
ఆ మాట మొదటే చెప్పొద్దూ!

పొట్టంగి నుంచి మళ్లీ దిగాలి కదా. మాస్టారి లెక్కే తిప్పి వేయండి. మనిషి, సైకిల్, సామాను కలిపి 85 కిలోలు, 600 మీటర్లు దిగితే 5 లక్షల జౌళ్లు. కొంత గాలి తీసుకుంటుంది. మిగతాదంతా వేడిగా మారేది ఎక్కడ? మీ బ్రేకు పట్టుకునే రిమ్ మీదే. అల్యూమినియం వేడిని త్వరగా పంచేసుకుని గాలికి వదిలేస్తుంది. కార్బన్ అలా వదలదు, పట్టుకున్న చోటే వేడెక్కుతుంది. బ్రేకు పట్టుకునే దిగితే రిమ్‌లోని జిగురు మెత్తబడి రిమ్ ఉబ్బొచ్చు, ట్యూబు పేలొచ్చు. తమ్ముడు చెప్పిన టీపీయూ ట్యూబులకూ అదే గొడవ. రిమ్ బ్రేకుతో పొడుగాటి దిగుళ్లకు వాడొద్దని చాలా కంపెనీలే రాస్తాయి. వానలో అయితే కార్బన్ మీద బ్రేకు పట్టేసరికి ఒక గుండె దడ అదనం. పాతవి కొంటున్నారు, ఆయన ఏ బ్రేకు షూలు వాడాడో, ఎన్నిసార్లు కాల్చాడో మీకు తెలియదు.

సుంకి మలుపుల్లో ఎదురుగా లారీ వస్తుంటే 20 సెకన్ల గురించి ఎవరూ ఆలోచించరు.

సిల్క్‌సిటీ_స్ప్రింట్:
టీపీయూ మాట వెనక్కి తీసుకుంటున్నా అన్నా. మా వైపు తప్తపాణి ఘాటీ చిన్నది, నాకెప్పుడూ తట్టలేదు.

కోరాపుట్_మాస్టారు:
మీ క్యాసెట్ ఎంత?

రాయగడ_రైడర్:
11 నుంచి 28 పళ్లు. ముందు 50/34 పళ్లు. పది స్పీడ్.

కోరాపుట్_మాస్టారు:
ఇదిగో అసలు రోగం. నూటికి 7 వాలు మీద 150 వాట్లతో మీ వేగం గంటకు 9 కిలోమీటర్లు. ముందు 34, వెనక 28 పళ్ల మీద ఆ వేగానికి కాళ్లు నిమిషానికి 59 సార్లు తిరుగుతాయి, అంటే గానుగెద్దు నడక. వెనక 34 పళ్లు వేస్తే అదే వేగానికి 72. వాట్లు అవే, మోకాళ్లు మాత్రం మీవిగా మిగులుతాయి. మీ వెనక డెరైలర్ (గేర్లు మార్చే భాగం) కేజ్ పొట్టిదైతే 34 పట్టదు, అది చూసుకోండి. క్యాసెట్, చైను, అవసరమైతే డెరైలర్, మంచి టైర్లు అన్నీ కలిపినా ఆ 45 వేలలో మూడో వంతు దగ్గరే ఆగుతుంది.

పర్లాకిమిడి_పెడల్:
ఇది ఒప్పుకుంటాను. అయితే "ఎప్పటికీ చక్రాలు మార్చకు" అనే మాట మాత్రం ఒప్పుకోను. రైడర్ గారూ, మీ రిమ్ పక్కన సన్నటి గాడి ఉంటుంది చూడండి. మన ఎర్రమట్టి, వాన, బ్రేకు షూ కలిసి రిమ్‌ను తింటూ ఉంటాయి. ఆ గాడి కనపడకుండా పోయిన రోజు ఎలాగూ కొత్తవి కావాలి. అప్పుడు 2 కిలోలవే మళ్లీ కొనకుండా మంచి అల్యూమినియం రిమ్, 28 మామూలు చువ్వలతో చేతితో కట్టించుకోండి. 1,700 గ్రాముల లోపు వస్తుంది. జయపురం అన్న దగ్గర బెండు తీయించుకోవచ్చు.

జయపురం_చువ్వ:
ఫీజు ఒక టీ.

రాయగడ_రైడర్:
ఇప్పుడే వెళ్లి చూశాను, గాడి కాస్త మిగిలే ఉంది. విశాఖ ఆయనకి వద్దని మెసేజ్ పెట్టాను. 40కి ఇస్తానన్నాడు. ఇంకా జవాబివ్వలేదు. నిజం చెప్పాలంటే "సరే" అని కొట్టడానికి చేతివేలు ఊగుతోంది.

పర్లాకిమిడి_పెడల్:
జవాబివ్వకండి. వచ్చే నెల సాలూరు వస్తాను, నావీ రిమ్ బ్రేకువే, నా చక్రాలు వేసుకుని ఒకసారి ఎక్కండి. నా హబ్ (చక్రం నడిమి భాగం) పదకొండు స్పీడుది, మీ పది స్పీడ్ క్యాసెట్‌కు వెనకాల 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ రింగు కావాలి, అది నేనే తెస్తాను. రిమ్ వెడల్పు వేరుగా ఉంటుంది, బ్రేకు షూలు మళ్లీ సర్దుకోవాలి.

కోరాపుట్_మాస్టారు:
నేనూ వస్తాను. ఒకసారి పాత చక్రాలతో, ఒకసారి మీ వాటితో, రెండుసార్లూ అవే నీళ్లు, అదే టిఫిన్. స్టాప్‌వాచ్, కాటా నావి.

రాయగడ_రైడర్:
స్టాప్‌వాచ్ తెండి మాస్టారూ. కాటా మాత్రం వద్దు, మా ఫ్రెండ్ కూడా వస్తున్నాడు.