ఆపరేషన్ తర్వాత నాన్నకి తికమక: జీన్ టెస్ట్ అవసరమా?

మా నాన్నకి 78 ఏళ్లు. బాత్రూంలో జారిపడి తుంటి ఆపరేషన్ అయింది. రెండో రాత్రి సెలైన్ సూది పీకేసి, "ఎద్దులకి నీళ్లు పెట్టారా?" అని ఒకటే గొడవ. ఎద్దులు అమ్మేసి 30 ఏళ్లు! పొద్దున మామూలే, చీకటి పడితే మళ్లీ మొదలు. నాలుగు రోజులకి తగ్గింది. డెలీరియం (ఉన్నట్టుండి వచ్చే తికమక) అన్నారు డాక్టరు గారు, రక్తపరీక్షలో సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ని, అంటే వాపుని చూపేది) బాగా పెరిగిందట.

అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు) రిస్క్ పెంచే ఏపీఓఈ4 జీన్ ఉన్నవాళ్లకి సీఆర్‌పీ కూడా పెరిగితే డెలీరియం రిస్క్ ఎక్కువని చదివాను. జీన్ ఒక్కదాని మీద అధ్యయనాలు ఒకేమాట చెప్పడం లేదు. మా నానమ్మకి అల్జీమర్స్ ఉండేది, అందుకే టెన్షన్.

త్వరలో ప్రొస్టేట్ ఆపరేషన్ ఉంది. ఆ టెస్ట్ చేయిస్తే మత్తు ఇచ్చే తీరులో ఏమైనా మారుస్తారా? లేక కళ్లజోడు, చెవి మిషన్ దగ్గరుంచి, రాత్రి నిద్ర చెడకుండా చూసుకుంటే చాలా? మీ ఇళ్లలో ఎవరికైనా రెండోసారి కూడా ఇలా అయిందా? దయచేసి చెప్పండి.