అప్‌డేట్: హిట్రాకి రివర్స్ గేర్ లేని సంగతి

1943లో అమెరికా నార్వే నౌకాదళానికిచ్చిన మూడు సబ్‌చేజర్లు, అంటే జలాంతర్గాముల్ని వేటాడే చిన్న యుద్ధ పడవలు (హిట్రా, హెస్సా, విగ్రా), రివర్స్ గేర్ లేకుండా వెనక్కెలా వెళ్లేవని అడిగాను కదా, తేలింది. కిటుకు ఇంజన్‌లో లేదు, ప్రొపెల్లర్‌లో ఉంది.

110 అడుగుల చెక్క పడవ, రెండు జనరల్ మోటార్స్ 'పాన్‌కేక్' డీజిళ్లు, ఒక్కోటి 1,200 హార్స్‌పవర్. క్రాంక్‌షాఫ్ట్ (సిలిండర్లు తిప్పే ప్రధాన ఇరుసు) నిట్టనిలువుగా ఉంటుంది. దాని చుట్టూ అంతస్తుకు నాలుగు చొప్పున 16 సిలిండర్లు. అడుగున ఉన్న బెవెల్ గేర్లు (ఏటవాలు పళ్ల చక్రాలు) ఆ తిప్పుడును ప్రొపెల్లర్‌కు వెళ్లే అడ్డ షాఫ్ట్‌కు మళ్లిస్తాయి. షాఫ్ట్ ఎప్పుడూ ఒకే దిక్కున తిరుగుతుంది. ప్రొపెల్లర్ నడిమి భాగమైన హబ్‌లో రెక్కల కోణం (పిచ్) మారుతుంది: సున్నాకొస్తే తోపు ఆగుతుంది, దాటి అటు తిరిగితే పడవ వెనక్కి. పిచ్ మెకానిజం పట్టేస్తే మాత్రం ఇంజన్ ఎంత బాగున్నా ఆ వైపు రివర్స్ లేనట్టే.

రెండో ప్రపంచ యుద్ధంలో స్కాట్లాండ్‌లోని షెట్లాండ్ దీవుల నుంచి జర్మన్ల ఆక్రమణలో ఉన్న నార్వేకు సాగిన రహస్య ప్రయాణాల్లో, నెమ్మదిగా వెళ్లే చేపల పడవల స్థానంలో వీటిని దింపడానికి ఈ ఇంజన్లిచ్చే వేగం ఒక ముఖ్య కారణం.