సెర్చ్ పెట్టెలో పాత జవాబు కొత్త ఫలితాలను తుడిచేస్తోంది: ఈవెంట్ స్ట్రీములను ఎలా నడపాలి?

కొత్త_ప్రవాహం:
ఇదే ఎఫ్‌ఆర్‌పీ (ఫంక్షనల్ రియాక్టివ్ ప్రోగ్రామింగ్) అనుకుని, ఈవెంట్లను స్ట్రీములుగా, అంటే కాలక్రమంలో వచ్చే విలువల వరుసలుగా నడిపే జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఆర్‌ఎక్స్‌జేఎస్‌తో రాసిన సెర్చ్ పెట్టెలో "హై" అన్నప్పుడు వెళ్లిన రిక్వెస్ట్‌కు జవాబు, "హైదరాబాద్" పూర్తిగా టైపు చేశాక వచ్చి, సరైన ఫలితాలను తుడిచేస్తోంది. టైపింగ్ ఆగేదాకా వేచి ఉండే డిబౌన్స్‌టైమ్ 300 మిల్లీసెకన్లు పెట్టాను, లోపల అన్ని రిక్వెస్టుల జవాబులనూ వచ్చినవి వచ్చినట్టు పంపే మెర్జ్‌మ్యాప్ ఉంది. ఇంకో పేజీలో ధర, దానిపై 18 శాతం పన్ను అనే రెండు స్ట్రీములను, ఏది మారినా రెండింటి తాజా విలువలనూ ఇచ్చే కంబైన్‌లేటెస్ట్‌తో కలిపాను. ధర 100 నుంచి 200కు మారినప్పుడు మొత్తం 118 నుంచి నేరుగా 236కు వెళ్లకుండా మధ్యలో 218 అని చూపుతోంది. పేజీ వదిలి వెళ్లినా మెమరీ తగ్గకపోవడం మూడవ సమస్య.

స్విచ్_పక్షపాతి:
మెర్జ్‌మ్యాప్ తీసి స్విచ్‌మ్యాప్ పెట్టండి. కొత్త విలువ రాగానే అది పాత లోపలి స్ట్రీమ్‌ను వదిలేస్తుంది కాబట్టి ఆలస్యంగా వచ్చిన జవాబుకు తెరమీద చోటుండదు. డిబౌన్స్ రిక్వెస్టుల సంఖ్యను తగ్గిస్తుందే తప్ప జవాబుల వరుసకు హామీ ఇవ్వదు. లోపాలను పట్టుకునే క్యాచ్‌ఎర్రర్‌ను మాత్రం స్విచ్‌మ్యాప్ లోపలే పెట్టాలి; బయట పెట్టి ఖాళీ జాబితా ఇస్తే, ఒక్క నెట్‌వర్క్ లోపంతో స్ట్రీమ్ ముగిసిపోయి, ఆ తర్వాత ఎంత టైపు చేసినా పెట్టె పలకదు. మా బృందంలో చాలాకాలం నలిగిన ఫిర్యాదు దీనితోనే తీరింది.

బిల్లింగ్_బాధితుడు:
స్విచ్‌మ్యాప్ అన్నిటికీ మందు కాదు. నేను పనిచేసిన ఒక చోట చెల్లింపు బటన్‌కు దానినే తగిలించారు. రెండుసార్లు నొక్కినవారి విషయంలో బ్రౌజర్ మొదటి జవాబును పారేసింది గానీ, సర్వర్ అప్పటికే డబ్బు తీసుకుంది. అటువంటి చోట, మొదటిది ముగిసేదాకా కొత్తవాటిని పట్టించుకోని ఎగ్జాస్ట్‌మ్యాప్, వరుస తప్పకుండా సేవ్ చేయవలసిన చోట, ఒకటి ముగిశాకే మరొకటి మొదలుపెట్టే కాన్‌క్యాట్‌మ్యాప్ వాడాలి.

పాత_హాస్కెల్:
మీరందరూ మాట్లాడుతున్నది ఎఫ్‌ఆర్‌పీ గురించి కాదు. 1997లో కోనల్ ఎలియట్, పాల్ హుడాక్ ఎఫ్‌ఆర్‌పీకి మూలమైన ఫ్రాన్‌ను ప్రతిపాదించినప్పుడు బిహేవియర్ అంటే నిరంతర కాలంపై ఆధారపడి మారే విలువ, ఈవెంట్ అంటే కాలంతో ముడిపడిన సంఘటనల వరుస. ఆర్‌ఎక్స్‌కు, అంటే ఆర్‌ఎక్స్‌జేఎస్ వంటి లైబ్రరీల కుటుంబమైన రియాక్టివ్‌ఎక్స్‌కు, ఆ పేరు తగదని దాని పరిచయ పాఠమే చెబుతుంది.

స్విచ్_పక్షపాతి:
అడిగినది సెర్చ్ పెట్టె గురించి, వంశవృక్షం గురించి కాదు. మీరు చెప్పే ఎఫ్‌ఆర్‌పీ అంత అక్కరకు వచ్చేదైతే ఎల్మ్ అనే వెబ్ భాష 2016లో, 0.17 వెర్షన్‌లో, సిగ్నళ్లను (కాలంతో మారే విలువలను) తీసేసి సబ్‌స్క్రిప్షన్లకు (బయటి ఈవెంట్లను వినే పద్ధతికి) ఎందుకు మారింది?

పాత_హాస్కెల్:
ఎల్మ్ సిగ్నళ్లు మొదటినుంచీ నిరంతర కాలానివి కావు. సిగ్నళ్ల సిగ్నల్‌ను, అంటే సిగ్నళ్లనే విలువలుగా ఇచ్చే సిగ్నల్‌ను, అది అనుమతించనూ లేదు. దానిని చూపి ఎఫ్‌ఆర్‌పీ ఓడిందనడం తొందరపాటు. పైగా మీరెవరూ ముట్టుకోని 218కి జవాబు ఈ పాత పరిశోధనలోనే ఉంది. దానిని గ్లిచ్ అంటారు. ఒకే మూలం నుంచి పుట్టిన రెండు కొమ్మల్లో ఒకటి ముందు మారి, రెండవది ఇంకా పాత విలువతో ఉన్నప్పుడు లెక్క వేయడం వల్ల 200, 18 కలిశాయి. ఎఫ్‌ఆర్‌టైమ్ అనే ఎఫ్‌ఆర్‌పీ భాష నోడ్‌లను (లెక్కలోని ఒక్కో మెట్టును) ఆధారపడే క్రమంలోనే తిరిగి లెక్కిస్తుంది. సోడియం అనే ఎఫ్‌ఆర్‌పీ లైబ్రరీలో ఒకే క్షణపు ఈవెంట్లన్నీ ఒకే లావాదేవీలో నడుస్తాయి.

జిప్_చాలు:
కంబైన్‌లేటెస్ట్ బదులు, విలువలను వచ్చిన వరుసలో జతకట్టే జిప్ పెడితే సరిపోయే దానికి ఇంత ఉపన్యాసమా?

బిల్లింగ్_బాధితుడు:
సరిపోదు. రేపు పన్ను కొమ్మకు ఎవరైనా, వెంటవెంటనే వచ్చే ఒకే విలువను వదిలేసే డిస్టింక్ట్‌అన్‌టిల్‌ఛేంజ్డ్ తగిలిస్తే ఒక విలువ తప్పిపోయి, ఆ తర్వాత జతలన్నీ పక్కకు జరుగుతాయి. గ్లిచ్ ఒక్క క్షణమే ఉంటుంది, ఇది మాత్రం నిలిచిపోతుంది. పన్ను ధర నుంచే వస్తున్నప్పుడు రెండు స్ట్రీములు ఎందుకు? ప్రతి విలువనూ మార్చి పంపే ఒకే మ్యాప్‌లో రెండింటినీ లెక్కించండి.

కొత్త_ప్రవాహం:
ఒకే మ్యాప్‌తో 218 పోయింది, స్విచ్‌మ్యాప్‌తో సెర్చ్ కుదిరింది. మెమరీ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఒకే స్ట్రీమ్‌ను పలువురికి పంచి చివరి విలువను గుర్తుంచుకునే షేర్‌రీప్లే(1) చాలాచోట్ల ఉంది.

స్విచ్_పక్షపాతి:
అక్కడే చూడండి. ఆ రూపంలో షేర్‌రీప్లే, వినేవారందరూ వెళ్లిపోయినా ముగియని మూలాన్ని వదలదు. వినేవారిని లెక్కపెట్టే రెఫ్‌కౌంట్‌ను ట్రూ చేయండి. పేజీ వదిలినప్పుడు స్ట్రీమ్‌ను ఆపే టేక్‌అన్‌టిల్‌ను గొలుసు చివర ఉంచండి. దాని తర్వాత స్విచ్‌మ్యాప్ వస్తే లోపలి స్ట్రీమ్ బతికే ఉంటుంది.

పాత_హాస్కెల్:
మెమరీ బాధ ఫ్రాన్‌కూ ఉండేది. ఆ తర్వాత వచ్చిన హాస్కెల్ ఎఫ్‌ఆర్‌పీ లైబ్రరీ యాంపా, సిగ్నళ్లను నేరుగా చేతికివ్వకుండా, యారోల (లెక్కలను గొలుసుగా కలిపే పద్ధతి) ద్వారా సిగ్నల్ ఫంక్షన్లనే వాడనివ్వడానికి ఒక కారణం అదే.

జిప్_చాలు:
మళ్లీ మొదలైంది.